సబ్బునురగలో చేతులు

ఒకరోజు పొద్దున బట్టల బాన ముందు వంగి ఉండగా సారాకి ఒక ప్రశ్న పుట్టింది. ఎదురుగా కొండలా పడి ఉన్న విడుపు బట్టలు. మోచేతుల దాకా సబ్బునురగ. ఆ నురగలో మునిగిన తన చేతుల్ని చూసుకుంటూ, రేపు వయసు మీద పడి నడుం పట్టేస్తే నా గతేమిటి, నా చిన్నపిల్లని ఎవరు చూస్తారు అని తనని తనే అడిగింది. చాలా ఏళ్ల తర్వాత, 1917లో, న్యూయార్క్ టైమ్స్ పత్రికకి ఈ సంగతి చెబుతూ ఆమె ఇంకో మాట కూడా దాచుకోకుండా చెప్పింది. ఎంత ఆలోచించినా, బట్టలుతుక్కుని బతికే తనలాంటి పేద మనిషికి బాగుపడే దారేదో అంతుచిక్కలేదట.

ఆ రెండో మాట నన్ను పట్టేసింది. పైకొచ్చిన వాళ్ల కథల్లో సాధారణంగా ఈ ఘట్టం ఉండదు. ప్రశ్న రాగానే జవాబు మెరుస్తుంది, మర్నాటి నుంచి పరుగే. సారాకి అలా జరగలేదు. బాన ముందు గడిపిన కాలం మొత్తం కలిపితే పదిహేనేళ్ల పైమాటే. "నావల్ల ఏమవుతుంది" అన్న సందేహాన్ని గుండెలో పెట్టుకునే రోజూ నీళ్లు మోసింది, బట్టలుతికింది, గంజి పెట్టింది, ఇస్త్రీ చేసింది.

లోకానికి ఆమె మేడమ్ సి. జె. వాకర్‌గా తెలుసు. అమెరికాలో సొంత కష్టంతో లక్షాధికారి అయిన తొలి మహిళగా గిన్నిస్ పుస్తకంలో పేరుంది. 2020లో నెట్‌ఫ్లిక్స్‌లో ఆక్టేవియా స్పెన్సర్ నటించిన 'సెల్ఫ్ మేడ్' సిరీస్ చూసినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. అందులో నాటకం కోసం చేర్చినవి కొన్ని ఉన్నాయి. అసలు జీవితాన్ని ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు, పాత పత్రికలు తిరగేసి రాసింది ఆమె వంశంలో ఐదో తరం మనిషి, అలీలియా బండిల్స్. ఆ జీవితానికి నాటకం కలపాల్సిన పనే లేదు.

సారా బ్రీడ్‌లవ్ 1867 డిసెంబరు 23న లూసియానా రాష్ట్రంలోని డెల్టా అనే పల్లెలో, పత్తి తోటలో పుట్టింది. మిసిసిపీ నదికి అవతలి ఒడ్డున విక్స్‌బర్గ్ పట్నం. తల్లిదండ్రులు, అక్క, అన్నలు అందరూ బానిసలుగా పుట్టినవాళ్లు. ఆ ఇంట్లో స్వేచ్ఛగా పుట్టిన తొలి బిడ్డ సారా. స్వేచ్ఛ అంటే కాగితం మీద. పొద్దు పొడిచింది మొదలు పత్తి చేలోనే. ఏడేళ్లకే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. అక్క పంచన చేరితే బావ రాక్షసుడు. ఆ ఇంట్లోంచి బయటపడటానికి పద్నాలుగేళ్లకే మోజెస్ మెక్‌విలియమ్స్‌ని పెళ్లి చేసుకుంది. 1885లో కూతురు లీలియా పుట్టింది. ఇరవై ఏళ్లు వచ్చేసరికి భర్త పోయాడు. బడికి వెళ్లింది మొత్తం మీద మూడు నెలలు.

మంగలి పని చేసుకునే అన్నలు సెయింట్ లూయిస్‌లో ఉన్నారని పిల్లని చంకనేసుకుని అక్కడికి చేరింది. అక్కడే బట్టలుతికే పని. రోజంతా రెక్కలు ముక్కలు చేసుకుంటే డాలరున్నర వచ్చేది. ఆ పని ఎలాంటిదో ఒక్కసారి దగ్గర్నుంచి చూడాలి. నీళ్లు మోసుకురావాలి. పొయ్యి మీద బాన పెట్టి, ఒళ్లు మండే ఘాటు సబ్బు వేసి బట్టలు ఉడకబెట్టాలి. గాడులున్న పలక మీద ఒక్కొక్కటే రుద్దాలి, జాడించాలి, పిండాలి, గంజి పెట్టాలి. పొయ్యి మీద కాల్చిన బరువైన ఇనప పెట్టెతో ఇస్త్రీ చేయాలి. చాకిరేవు చూసి పెరిగిన మనకి ఇదంతా వేరే చెప్పక్కర్లేదు. రెక్కాడితే గాని డొక్కాడని ఆ సంపాదనలోంచే ఆమె పైసా పైసా కూడబెట్టి కూతుర్ని చదివించింది. 1902లో ఆ పిల్ల నాక్స్‌విల్ కాలేజీకి వెళ్లింది. ఎంతో ఆలోచించినా దారి కనపడలేదని చెప్పిన మనిషి, దారి కనపడకుండానే కూతుర్ని కాలేజీ దాకా నడిపించింది. ఆమె ధైర్యం నాకు మొదట కనపడింది ఇక్కడే. అప్పటికింకా వ్యాపారం ఊసే లేదు.

ఈలోగా జుట్టు ఊడటం మొదలైంది. దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. తల మీద అక్కడక్కడా బోడి మచ్చలు. గుడ్డ చుట్టుకుని తిరిగేది. ఇది సారా ఒక్కదాని బాధ కాదు. ఆ రోజుల్లో మామూలు ఇళ్లలో కుళాయి లేదు. తలస్నానం నెలకోసారి, చలికాలంలో అదీ లేదు. చుండ్రు పేరుకుపోయి, మాడు పుండ్లు పడేది. దానికి తోడు బట్టలకి వాడే ఘాటు సబ్బులే తలకీ. తిండి అంతంత మాత్రం. నల్లజాతి ఆడవాళ్ల జుట్టుకి పనికొచ్చే సరుకు అంగళ్లలో దాదాపు లేదు. సమాజం ఎటు చూసినా అందం అంటే తెల్ల చర్మం, జారిపోయే జుట్టు అని చెబుతున్న కాలం. మనిషికి తన మీద తనకి నమ్మకం పోవడానికి అద్దమొక్కటి చాలు.

నల్లజాతి వాళ్ల సెయింట్ పాల్ ఏఎంఈ చర్చిలో సారా పాటలు పాడేది. ఆ చర్చికి వచ్చే ఆడవాళ్లలో టీచర్లు, చదువుకున్న ఇల్లాళ్లు ఉండేవాళ్లు. ఊరికి కొత్తగా వచ్చిన ఈ పేద విధవని దగ్గరకి తీశారు. వాళ్లు నిలబడే తీరు, మాట, కట్టూబొట్టూ చూసి ఆమెకి రెండు రకాలుగా అనిపించి ఉండాలి. అలా ఉండాలనే ఆశ. తనెక్కడ, వాళ్లెక్కడ అనే వెనకడుగు. 1904లో సెయింట్ లూయిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. అప్పుడే నల్లజాతి మహిళా సంఘాల జాతీయ సమావేశం కూడా ఆ ఊళ్లో పెట్టారు. దేశం నలుమూలల నుంచి వచ్చిన ఆ నాయకురాళ్ల హుందాతనం సారాని కదిలించింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆమెకి ఆనీ టర్న్‌బో తారసపడింది. తర్వాత ఆనీ మలోన్‌గా పేరు తెచ్చుకున్న ఈవిడ, నల్లజాతి ఆడవాళ్ల జుట్టు కోసం మందు తయారుచేసి ఇంటింటికీ తిరిగి అమ్ముతుండేది. సారా ఆ మందు వాడింది, దాన్ని అమ్మే ఏజెంటు కూడా అయింది. ఇది చాలా కథనాల్లో చిన్న మాటగా వచ్చిపోతుంది. నా లెక్కలో ఇది పెద్ద విషయం. సారా సొంత ఆలోచనతో నేరుగా వ్యాపారంలోకి దూకలేదు. ముందు ఇంకొకరి సరుకు పట్టుకుని గుమ్మం తట్టింది. తలుపు తీసిన మనిషితో మాట్లాడటం, తలకి మందు రాసి చూపించడం, డబ్బు అడగడం నేర్చుకుంది. డబ్బు అడగడం చిన్న పనేం కాదు. చేతిలో పనితనం ఉండి కూడా ధర చెప్పాల్సి వచ్చేసరికి నోరు పెగలని వాళ్లని ఎంతమందిని చూడలేదు!

మన ఊళ్లలో బ్యూటీషియన్ కోర్సు చేసి, సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి, ముందు గదిలో అద్దం, కుర్చీ వేసుకుని కూడా బోర్డు పెట్టడానికి నెలల తరబడి తటపటాయించిన ఆడవాళ్లు నాకు తెలుసు. త్రెడింగ్‌లో చెయ్యి తిరిగినవాళ్లు. ముఖం చూసి ఏ ఫేషియల్ పడుతుందో, ఏది పడదో చెప్పేయగలరు. అయినా "నా దగ్గరకెవరొస్తారు" అన్న మాట దగ్గరే ఆగిపోతారు. సారా కథ చదివినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు.

1905 జులైలో ఆమె డెన్వర్‌కి రైలెక్కింది. అక్కడ వదినగారు ఉంది. చేతిలో ఉన్న పొదుపు డాలరున్నర అని చెబుతారు, అంటే ఒక్కరోజు కూలి. కొలరాడో రాష్ట్రం మొత్తం మీద నల్లజాతివాళ్లు పదివేల లోపే. వ్యాపారానికి ఇది మంచి చోటని ఎవరూ అనరు. ఆమె అక్కడ వంటమనిషిగా చేరి, తీరిక దొరికినప్పుడు మందు అమ్ముతూ, రాత్రిళ్లు సొంత మందు కలపడం మొదలుపెట్టింది. ఒక మందుల వ్యాపారి ఇంట్లో వంట చేసిందని, పాళ్ల విషయంలో ఆయన సాయం తీసుకుని ఉండొచ్చని అంటారు.

ఇక ఆ మందు సంగతి. తనకి కలలో ఒక పెద్ద నల్లజాతి మనిషి కనిపించి ఏమేం కలపాలో చెప్పాడని, అందులో కొన్ని ఆఫ్రికాలో దొరికేవని, తెప్పించి కలిపి రాసుకుంటే కొద్ది వారాల్లోనే ఊడినదానికన్నా వేగంగా జుట్టు వచ్చిందని ఆమె చెప్పేది. డబ్బాలో ఉన్న ముఖ్యమైన సరుకు గంధకం, పెట్రోలియం జెల్లీ. తేనెమైనం, కొబ్బరినూనె, గంధకం వాసన తెలియకుండా సువాసన వేరే. గజ్జి లేస్తే కొబ్బరినూనెలో గంధకం కలిపి రాసిన ఇళ్లు మనలోనూ ఉన్నాయి. మాడు మీద పెరిగే బూజుని, పేరుకున్న పొట్టుని గంధకం వదలగొడుతుంది. మాడు శుభ్రపడితే ఆగిపోయిన జుట్టు మళ్లీ వస్తుంది. ఈ గుణం ఆమె కన్నా చాలా ముందు నుంచీ జనానికి తెలుసు. ఆనీ మలోన్ తన మందుని చూసి కలిపారని బాహాటంగానే ఆరోపించింది, నకిలీలతో జాగ్రత్త అని పత్రికలో ప్రకటనలు వేసింది. ఇనప దువ్వెనని కనిపెట్టింది మేడమ్ వాకరే అని ఇప్పటికీ చాలాచోట్ల రాస్తుంటారు. అదీ తప్పే. వేడి దువ్వెనలు అంతకుముందే ఫ్రాన్స్‌లో ఉన్నాయి.

మరి ఆమె కనిపెట్టిందేమిటి? ఒకటి, తరచూ తల రుద్దుకోవాలి, మాడు శుభ్రంగా ఉంచుకోవాలి, మందు రాయాలి, దువ్వాలి అనే పద్ధతి. డబ్బా ఒక్కటే చేతిలో పెట్టి పంపేది కాదు, అంతా దగ్గరుండి చేసి చూపించేది. రెండోది ఇంకా పెద్దది. దాని దగ్గరకి తర్వాత వస్తాను.

కల గురించి నాకొక ఊహ ఉంది. మూడు నెలల చదువు, ఎవరింట్లోనో వంటపని, తల మీద మొన్నటిదాకా బోడి మచ్చలు. అలాంటి మనిషి "నేను మందు తయారుచేశాను, కొనండి" అనడానికి ఎంత అండ కావాలి! డిగ్రీ లేదు, డబ్బు లేదు, మగదిక్కు లేదు. దేవుడి మాటగా వచ్చిన కల ఆ అండ అయి ఉంటుంది. ఎదుటివాళ్లని నమ్మించడానికి ముందు తనని తను నమ్మించుకోవడానికి. ఆ కల నిజంగా వచ్చిందా అని నేను అడగను. అది ఆమెని నిలబెట్టింది.

ఆ తర్వాతి అండ సొంత తల. 1906 జనవరిలో ఆమె చార్లెస్ జోసెఫ్ వాకర్‌ని పెళ్లాడింది. ఆయన పత్రికలకి ప్రకటనలు తెచ్చే పని చేసేవాడు, ప్రచారం సంగతులు తెలిసినవాడు. మందు వాడకముందు, వాడిన తర్వాత అని సారా ఫోటోలే పక్కపక్కన వేశారు. గుడ్డ చుట్టి దాచుకున్న తలనే బయటపెట్టి, ఇదిగో చూడండి అంది. సిగ్గుపడ్డ చోటే సాక్ష్యం అయింది. డబ్బా ధర యాభై సెంట్లు.

పేరు కూడా అప్పుడే మారింది. భర్త పేరుకి ముందు 'మేడమ్' చేర్చుకుంది. ఫ్రాన్స్ సౌందర్య వ్యాపారంలో ఆ పిలుపుకి గౌరవం ఉంది, అది ఒక కారణం. ఇంకో కారణం లోతైనది. ఆ కాలంలో తెల్లవాళ్లు నల్లజాతి ఆడమనిషిని ఎంత వయసున్నా పేరు పెట్టి పిలిచేవాళ్లు, లేదంటే 'ఆంటీ' అనేవాళ్లు. మిసెస్ అని గౌరవంగా పిలవడం ఉండేది కాదు. మన పల్లెల్లో తాత వయసు మనిషిని కులం చూసి "ఒరే" అని పిలిచిన రోజులు అంత దూరమేమీ కాదు కాబట్టి ఆ బాధ మనకి తెలుసు. డబ్బా మీద, ప్రకటన మీద, ఉత్తరం మీద 'మేడమ్' అని అచ్చేసుకుంటే ఇక ఎవరైనా అలాగే పిలవాలి.

1906 సెప్టెంబరు నుంచి భార్యాభర్తలు దక్షిణాది రాష్ట్రాలు చుట్టారు, ఏడాదిన్నర పాటు. ఊరికి చేరగానే నల్లజాతి వాళ్ల చర్చిని వెతుక్కునేది. ఊళ్లో పేరున్న వాళ్ల ఇంట్లో దిగేది. చర్చి హాల్లోనో, సంఘం గదిలోనో ఆడవాళ్లని పోగుచేసి ఒకరి తల కడిగి, మందు రాసి, దువ్వి చూపించేది. మర్నాడు కొందరికి నేర్పేది. అందులో చురుకైన మనిషిని ఏజెంటుగా పెట్టి, సరుకు ఆర్డరు రాసుకుని మళ్లీ రైలెక్కేది. డెన్వర్‌లో కూతురు లీలియా పోస్టులో సరుకు పంపేది. కొంతకాలానికి భర్త ఇక చాలన్నాడు, ఈ రాబడితో సరిపెట్టుకుందామన్నాడు. ఆమెకి ఆగాలని లేదు. 1912లో విడాకులయ్యాయి. వాకర్ పేరు మాత్రం డబ్బా మీద ఉండిపోయింది.

1908లో పిట్స్‌బర్గ్‌లో కూతురి పేరు మీద లీలియా కాలేజీ పెట్టింది. ఆమె రెండో ఆవిష్కరణ అని నేననేది ఇది. తలకి చికిత్స చేయడం, దుకాణం నడపడం, లెక్క రాసుకోవడం, శుభ్రంగా తయారై గుమ్మంలో నిలబడటం నేర్పి పట్టా ఇచ్చేవాళ్లు. దూరాన ఉన్నవాళ్లకి పాతిక డాలర్లకి పోస్టులో పాఠాలు. ఆ కాలంలో చదువులేని నల్లజాతి ఆడమనిషికి దొరికే పనులు చాలావరకు మూడే: పత్తి చేను, తెల్లవారి వంటిల్లు, బట్టల బాన. ఆ మూడూ చేసొచ్చిన మనిషే నాలుగో పని పుట్టించింది. వేరే పనుల్లో నెలకొచ్చే జీతం ఇందులో వారానికే వస్తోందని, వందల మందికి గౌరవంగా బతికే దారి చూపించారని ఒక ఏజెంటు ఆమెకి ఉత్తరం రాసింది. పోనుపోను కంపెనీ లెక్కలో అలా శిక్షణ పొందినవాళ్లు 20,000 మంది దాకా అయ్యారు.

1910లో కంపెనీ ఇండియానాపొలిస్‌కి మారింది. ఎనిమిది దిక్కులా రైళ్లు పోయే ఊరు, సరుకు పంపడానికి వీలు. ఇల్లు కొని, వెనక ఖాళీ జాగాలో ఫ్యాక్టరీ కట్టించింది. వ్యవహారాలు చూసే లాయరుగా ఫ్రీమన్ రాన్సమ్‌ని పెట్టుకుంది. ఆలిస్ కెల్లీ అనే టీచరమ్మని ఫ్యాక్టరీ చూసుకోవడానికి తీసుకుని, ఆవిడ దగ్గరే పాఠాలు చెప్పించుకుంది. చదవడం, రాయడం, నలుగురిలో మాట్లాడే తీరు. ఈ వివరం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. వందలమందికి యజమాని. నలభై దాటిన వయసు. జీతం ఇచ్చే మనిషి ముందే విద్యార్థిలా కూర్చుని, నాకు ఇది రాదు, చెప్పు అనడానికి జంకలేదు. మూడు నెలల బడి అనే లోటుని గుడ్డ చుట్టి దాచలేదు, తలలాగే దాన్నీ బయటపెట్టి వైద్యం చేసుకుంది.

ఆమెని ఎక్కువగా వెనక్కి లాగింది సొంతవాళ్లే. బుకర్ టి. వాషింగ్టన్ అంటే అప్పట్లో నల్లజాతి జనానికి తిరుగులేని నాయకుడు. టస్కీగీ విద్యాసంస్థ పెద్ద. నల్లజాతి వాళ్ల జాతీయ వ్యాపార సంఘం ఆయన స్థాపించిందే. జుట్టు మందులు అమ్మేవాళ్లంటే ఆయనకి పడదు. తెల్లవాళ్లని అనుకరించడం నేర్పుతున్నారని ఆయన అభ్యంతరం. ఇది తీసిపారేయదగ్గ మాట కాదు. జుట్టు సాపు చేయడం మీద ఆ చర్చ ఇవాళ్టికీ నడుస్తోంది. నేను జుట్టు సాపు చేసేదాన్ని కాను, పెంచేదాన్ని అని ఆమె గట్టిగా చెప్పుకునేది. ఆమె పద్ధతిలో వేడి దువ్వెన ఉన్న మాటా నిజమే. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

1912 జనవరిలో టస్కీగీలో రైతుల సభ జరుగుతుంటే ఆయన రావద్దన్నట్టు చెప్పినా ఆమె వెళ్లింది. ప్రార్థన మందిరంలో కాసేపు మాట్లాడనిచ్చారు. అదే ఏడాది ఆగస్టులో షికాగోలో వ్యాపార సంఘం మహాసభ. అప్పటికామె ఇండియానాపొలిస్‌లో నల్లజాతి వాళ్ల వైఎంసీఏ భవనానికి వెయ్యి డాలర్లు విరాళం ప్రకటించి దేశమంతా పత్రికలకెక్కిన మనిషి. అయినా వేదిక మీద చోటు లేదు. పత్రికాధిపతి జార్జ్ నాక్స్ లేచి, ఈవిడ మాట వినమని అడిగాడు. వాషింగ్టన్ విననట్టే తర్వాతి వ్యక్తిని పిలిచాడు. ఒకరి తర్వాత ఒకరు మగవాళ్లు లేచి తమ బ్యాంకుల గురించి, దుకాణాల గురించి చెప్పుకున్నారు. ఆమె కుర్చీలో కూర్చుని వింది.

అలాంటప్పుడు లోపల ఏం జరుగుతుందో ఊహించగలం. గొంతు తడారిపోతుంది. నిజమేనేమో, నా వ్యాపారం ఇంతమంది పెద్దల ముందు చెప్పుకోదగ్గది కాదేమో అనిపిస్తుంది. బాన ముందు పుట్టిన పాత సందేహం సరిగ్గా ఇలాంటి చోటే మళ్లీ లేచి కూర్చుంటుంది.

చివరి రోజు ఆమె పిలుపు లేకుండానే లేచి నిలబడింది. నా ముఖం మీద తలుపేయరనే అనుకుంటున్నాను అని మొదలుపెట్టింది. మా జాతి ఆడవాళ్లకి గౌరవం తెచ్చే వ్యాపారం చేస్తున్నానంది. నేను దక్షిణాది పత్తి చేల నుంచి వచ్చినదాన్నని, అక్కడి నుంచి బట్టల బాన దగ్గరకి, బాన నుంచి వంటింటికి పెంచారని, అక్కడి నుంచి జుట్టు మందుల తయారీకి నన్ను నేనే పెంచుకున్నానని చెప్పింది. నా సొంత నేల మీద నా సొంత ఫ్యాక్టరీ కట్టుకున్నానంది.

ఆ వరసే ఆమె బలం. చేను, బాన, వంటిల్లు. ఏ మెట్లు చూసి తను కించపడాలని లోకం అనుకుందో వాటినే ఒక్కొక్కటీ ఆ పెద్దమనుషుల ముందు లెక్కపెట్టింది. దాచడానికి ఏమీ మిగలని మనిషిని ఇంక దేంతో బెదిరిస్తారు? వాషింగ్టన్ అప్పటికప్పుడు ఏమీ అనలేదు. మరుసటి ఏడాది ఇండియానాపొలిస్ వైఎంసీఏ ప్రారంభానికి వచ్చి ఆమె ఇంట్లో అతిథిగా దిగాడు. ఆ ఏడు వ్యాపార సంఘం మహాసభలో వక్తల్లో ఆమె పేరు ముందే ఉంది.

తర్వాతి సంగతులు వేగంగా చెప్పేయొచ్చు. 1913లో జమైకా, క్యూబా, హైతీ, కోస్టారికా, పనామా తిరిగి అక్కడా ఏజెంట్లని పెట్టింది. 1916లో న్యూయార్క్‌లోని హార్లెంకి మారింది. హడ్సన్ నది ఒడ్డున అర్వింగ్‌టన్‌లో నల్లజాతి ఆర్కిటెక్ట్ వెర్ట్‌నర్ టాండీ గీసిన నమూనాతో విల్లా లెవారో కట్టించింది. ఆ ఇంట్లో ఎక్కువ కాలం ఉండలేదు. రక్తపోటు, మూత్రపిండాల జబ్బుతో 1919 మే 25న అక్కడే కన్నుమూసింది. వయసు యాభై ఒకటి. కంపెనీకి ఎప్పుడూ ఆడమనిషే అధ్యక్షురాలిగా ఉండాలని రాసిపెట్టింది. తన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది ఆనాటి చిన్నపిల్ల లీలియానే.

నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన రోజులు 1917 ఆగస్టు 30, 31. ఫిలడెల్ఫియాలో ఒక చర్చిలో మేడమ్ వాకర్ ఏజెంట్ల తొలి జాతీయ సభ. ఎన్నో ఊళ్ల నుంచి సొంత ఖర్చుతో, సొంత సంపాదనతో వచ్చిన రెండు వందల మందికి పైగా ఆడవాళ్లు. మొన్నటిదాకా వంటమనుషులు, పనిమనుషులు, బట్టలుతికినవాళ్లు. ఒకరొకరే లేచి, నేనెక్కడి నుంచి వచ్చాను, ఇప్పుడేం చేస్తున్నాను అని చెప్పుకునే వేదిక వాళ్లకి అంతకుముందెక్కడ? ఆడవాళ్ల పట్ల ఆడవాళ్ల బాధ్యత గురించి మేడమ్ మాట్లాడింది. ఎక్కువ సరుకు అమ్మినవాళ్లకి బహుమతులిచ్చింది. తమ ఊళ్లో దానధర్మాలకి ఎక్కువ ఇచ్చినవాళ్లకీ ఇచ్చింది.

ఆ వేసవి మంచిది కాదు. ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో నల్లజాతి వాళ్ల ఇళ్లు తగలబెట్టి మనుషుల్ని చంపారు. మెంఫిస్‌లో ఒకణ్ని మూకగా పట్టి చంపారు. ఆగస్టు మొదట్లో హార్లెం పెద్దలతో కలిసి మేడమ్ వాకర్ వైట్‌హౌస్‌కి వెళ్తే, అధ్యక్షుడు విల్సన్‌కి తీరిక లేదని కార్యదర్శి చెప్పి పంపాడు. నాలుగు వారాలకి ఈ సభ. సభ ముగియకముందే ఆ ఆడవాళ్లంతా కలిసి ఒక తీర్మానం రాశారు. కోటీ ఇరవై లక్షల మంది తరఫున మాట్లాడుతున్నామని, ఈ అన్యాయం మళ్లీ జరగకుండా చట్టం తేవాలని అందులో కోరారు. కింద మేడమ్ సి. జె. వాకర్ ఏజెంట్ల జాతీయ సభ అని పెట్టి, ఆ కాగితాన్ని అమెరికా అధ్యక్షుడికి టెలిగ్రాంగా కొట్టారు.